ఎలుగుపిల్లకు జడ

ఏటి ఎగువన మూడో జలపాతం వెనక గుహలో, ఎలుగుబంటి పిల్లతో కలిసి మూడు రోజులు వానకు చిక్కుకున్నానని నలభై ఏళ్లుగా మా ఆవిడకు చెబుతూ వచ్చాను. నిజానికి ఆ జలపాతాలు చూడ్డానికి వెళ్లిన రోజు నేను బస్సే దిగలేదు. కడుపునొప్పి.

మోకాలి ఆపరేషన్‌కు ముందు ఆ గుహ చూసి తీరాలని ఆవిడ పట్టుబట్టింది. నీళ్ల మోటార్లు బాగుచేసే మా బావమరిది వ్యాను తీశాడు.

“గుహ కనబడకపోయిందో, ఇక మీ కథలు నేను వినను,” అంది బండెక్కుతూ.

వినేది ఆవిడ ఒక్కతే. కథలు పోతే నాకు మిగిలేది దగ్గు.

దారంతా ఏటి పక్కనే. ఏరు ఎటు వంగితే రోడ్డూ అటే వంగుతుంది, కొత్త పెళ్లికొడుకులా. మొదటి జలపాతం దగ్గర గంటసేపు ఆపించాను. రెండో దాని దగ్గర నీళ్లు కిందనుంచి పైకి పోతున్నాయేమో బాగా చూడమన్నాను.

“టైర్లలో గాలి కూడా తీస్తావా బావా?” అన్నాడు బావమరిది. ఆ ఆలోచన నాకు ముందే రానందుకు బాధపడ్డాను.

మూడో జలపాతం దగ్గర వ్యాను ఆగీ ఆగకముందే టికెట్లు తెస్తానని దూకాను. కిటికీలో టికెట్ల మనిషి కునుకు తీస్తున్నాడు.

“మా ఆవిడ వచ్చి అడుగుతుంది. నేనూ పిల్లా మూడు రోజులు గుహలో ఉన్నామని చెప్పు. నా పరువు నీ చేతిలో ఉంది.”

“నాకొదిలేయండి పెద్దాయనా.”

ఆవిడ కుంటుతూ వచ్చి అడగనే అడిగింది.

“తెలియకేమమ్మా, మా నాన్న చెప్పేవాడు. ఈయనా, ఆ పిల్లా. మూడు రోజులూ బయటికి రాలేదు. మోకాళ్ల దాకా జడట.”

ఆవిడ నా వైపు తిరిగింది. “ఎలుగుపిల్లకు జడేంటండీ?”

“అడవిలో కత్తిరించేవాళ్లు లేక పెరిగిపోయింది.”

“మరి అల్లిందెవరు?”

“వెళ్లేటప్పుడు ఏడ్చిందటమ్మా,” టికెట్ల మనిషి ఆగడం లేదు. “ఈయనే రుమాలిచ్చి కళ్లు తుడుచుకోమన్నాడట.”

బావమరిది జలపాతం వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

ఇక లాభం లేదు. “పిల్లా లేదు, గుహా లేదు. ఆ రోజు బస్సులో కడుపు పట్టుకుని కూర్చున్నాను,” అనేశాను.

టికెట్ల మనిషి నొచ్చుకున్నాడు. “గుహ లేకపోవడమేంటండీ? తాళం నా దగ్గరే ఉంటేను.”

నిజంగానే ఉంది. ఇనుప గేటు, పది మెట్లు, లోపల నలుగురు పట్టే చోటు, ఎదురుగా తెర దించినట్టు నీళ్లు. ఆవిడ రాతిమీద కూర్చుని చాలాసేపు చూసింది.

“ఎక్కడ కూర్చునేది ఆ జడావిడ?”

“లేదన్నాను కదే.”

“గుహ కూడా లేదన్నారు.”

తిరుగు దారిలో ఆ కథంతా ఆవిడే తమ్ముడికి చెప్పింది. రెండో జలపాతం దాటేసరికి జడలోకి పూలొచ్చాయి. మొదటిది దాటేసరికి ఆ పిల్ల పాటలు కూడా పాడుతోంది. నేనూ ఓ మాట కలపబోయాను.

“మీరుండండి, మీకు తెలియదు,” అంది.