చారు సియ్యలు

మామిడి కాపు మొదలయ్యాక మా ఫ్రిజ్‌లో మనుషుల తిండికి చోటు లేకుండా పోయింది. విస్సన్నపేట బావమరిది పంపిన రసాలు, పక్కింటివాళ్లిచ్చిన రసాలు, వద్దన్నా ఆఫీసులో బ్యాగులో కుక్కిన రసాలు. ఒకరోజు చిన్న డబ్బా కూడా పట్టలేదు. నా కొంప ముంచింది ఆ డబ్బానే.

అందులో ఉన్నది పంది మాంసం. ఆఫర్‌లో కొన్న ఎయిర్ ఫ్రయర్ ఏడాదిగా కవరు కప్పుకుని కూర్చుంది. దానికి పని కల్పిద్దామని యూట్యూబ్‌లో చూసి చైనావాళ్ల చార్ సియూ చేశాను. సోయా సాస్, వెల్లుల్లి, అనాసపువ్వు పట్టించి, తేనెకు బదులు మామిడి తాండ్ర కరిగించి పూశాను. అంచులు కాస్త మాడి, లోపల మెత్తగా, ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చింది. డబ్బాలో సర్ది, ఫ్రిజ్‌లో పట్టక టేబుల్ మీద వదిలేసి స్నానానికి వెళ్లాను.

వచ్చేసరికి మా అత్తగారు అమృతమ్మ నాలుగో ముక్క నములుతున్నారు.

ఆవిడది శనివారం ఆరాధన చేసే క్రైస్తవ సంఘం, పంది వాళ్లకు నిషిద్ధం. పంది పేరెత్తినా నోరు కడుక్కుంటారు. పైగా టైఫాయిడ్ వచ్చి ఏడు కిలోలు తగ్గారు. ప్రోటీన్ పడకపోతే మళ్లీ మంచమేనని డాక్టర్ తిట్టినా గుడ్డు కూడా గొంతు దిగడం లేదు.

“ఏంటి అల్లుడుగారూ ఇది?”

“చార్ సియూ అండీ.” నోరు జారింది.

“చారు సియ్యలా? మరి చారేదండీ, ఇగిరిపోయిందా?” మా వైపు మాంసం ముక్కల్ని సియ్యలంటారు, మేకమాంసాన్ని వేటంటారు. “లేత వేట మాంసం! ఇంకో రెండెయ్యండి.”

వేశాను. మూడు నెలల తర్వాత ఆవిడ నోరు తెరిచి అడిగిన తిండి అది.

రెండు వారాలుగా రోజూ అదే. ముక్కకెన్ని గ్రాముల ప్రోటీనో ఫోన్‌లో చూసి మురుస్తున్నాను. పంచదార గడి రాగానే స్క్రీన్ పైకి తోసేస్తున్నాను. కిలోన్నర పెరిగారు.

నిన్న ప్రకటించారు. “ఈ శనివారం మందిరంలో సాక్ష్యం చెప్తానండీ, దేవుడు అల్లుడి చేత్తో నాకు ఆకలిచ్చాడని. రెండు కిలోలు చెయ్యండి, ఆరాధనయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందుకి పట్టుకెళ్తా.”

నా భార్య షాలోమి నన్ను వంటింట్లోకి లాగింది. “నిజం చెప్తే అమ్మ మీ చేతి మంచినీళ్లు కూడా తాగదు.”

“చెప్పనులే.”

“మైకులో అబద్ధ సాక్ష్యం చెప్పిస్తారా? పది ఆజ్ఞల్లో ఉందండీ అది!”

“వేట మాంసంతో చేస్తే?”

“మంగళవారం చేశారుగా. ఒక్క ముక్క కొరికి, ‘ఇవాళ సియ్యలు కుదర్లేదే’ అని పక్కన పెట్టేసింది.”

ఇవాళ శుక్రవారం. పొద్దుగూకితే వాళ్లకు విశ్రాంతిదినం మొదలు, వంట బంద్. నా ముందు రెండు కవర్లున్నాయి, ఒకటి వేట, ఒకటి పంది. గుమ్మంలో అత్తగారు పెద్ద స్టీలు డబ్బా తుడిచి పట్టుకుని నిలబడ్డారు.

“ఎంతవరకు వచ్చిందండీ?”

అయ్యా, అమ్మా, చదివేవాళ్లెవరైనా సరే, దణ్ణం పెడతాను. నోరు విప్పనా, కవరు విప్పనా? విప్పితే ఏ కవరు? త్వరగా చెప్పండి, ఐదున్నర దాటింది. మా నూజివీడులో ఆరున్నరకల్లా పొద్దుగూకుతుంది.