బేరమాడని మనిషి

మూత పెట్టడం వేరు, మూత తిప్పడం వేరు, ఈ ముక్క ఆమె పంతొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉంది, అయినా ఈయన కాఫీపొడి సీసా మీద మూత ఊరికే అలా ఆనించి వెళ్ళిపోతారు, చూసేవాళ్ళకి బిగించినట్టే ఉంటుంది, పట్టుకుని ఎత్తగానే మూత చేతిలో, సీసా కింద, ఇవాళ పొద్దున గట్టంతా పొడి, పెట్టాను కదా అని ఆయన, పెట్టారు, తిప్పలేదు అని ఆమె, సీసామూతకి ఇంత రాద్ధాంతమా అని ఆయన, పళ్ళు లేని నేనే నోరు మూసుకుని కూర్చున్నాను, మీకేమొచ్చిందర్రా అని గదిలోంచి అత్తగారు, ఆ మాటకి నవ్వొచ్చింది కానీ నవ్వితే ఓడిపోయినట్టు, అందుకని గుడ్డ తడిపి గట్టు తుడుస్తూ కిటికీలోంచి కిందికి చూసింది, ఆయన అప్పుడే బకెట్టు పట్టుకెళ్ళి కారు కడుగుతున్నారు, అమ్మేసే కారుకి ఇంత ముస్తాబా, మధ్యాహ్నం ఎవరో డ్రైవరు వచ్చి తీసుకెళతాడట, కొన్న మనిషి రాడు, ఎక్కడో ఓడ మీద ఇంజనీరట, నిన్న నెట్‌లో ప్రకటన పెట్టిన గంటకే అడిగినంతా ఇస్తానన్నాడు, ఎంత పెద్దమనిషో చూడు, బేరమే ఆడలేదు అని ఈయన మురిసిపోయారు, ఆ డబ్బుతో అత్తగారికి పళ్ళు కట్టించాలి, తీసి గ్లాసులో వేసేవి కాదు, ఎముకకి స్క్రూలతో బిగించేవి, రెండేళ్ళుగా ఆవిడ అన్నం పిసికి మింగుతోంది, పళ్ళ డాక్టరు చెప్పిన ఖర్చూ కారు ధరా ఇంచుమించు ఒకటే.

అద్దం సంగతి అడగలేదేం, అదే నిన్నటినుంచీ కంట్లో నలుసులా ఉంది, కారు ఎడమవైపు అద్దానికి పగులుంది, దాచకూడదని ప్రకటనకి ఫొటో ఆమే దగ్గరగా తీసింది, తను డ్రైవింగ్ నేర్చుకున్న మొదటి వారం గేటుకి కొట్టిన దెబ్బ అది, పక్క సీట్లో ఈయన, తిడతారనుకుని స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయింది, ఆయన దిగి చూసొచ్చి గేటుకేం కాలేదు, పద అన్నారు, అంతే, అంత మంచి మనిషి మీద పొద్దున్నే పొడి కోసం లేచింది తను, అయినా పొడి పొడే, అద్దం అద్దమే, డబ్బు పెట్టి కొనేవాడు పగిలిన అద్దం గురించి ఒక్క మాటైనా అడగడూ.

ఇంతలో ఆయన తడిచేతుల్తోనే పైకొచ్చి ఫోన్ చూపించారు, డబ్బు పంపేశాడు చూడు, బ్యాంకు మెసేజ్ కూడా వచ్చింది, పొరపాటున కాస్త ఎక్కువ పంపాడట, ఆ ఎక్కువది మనం డ్రైవరుకి పంపిస్తే మొత్తం మన ఖాతాలో పడుతుందట, పన్నెండింటిలోగా పంపాలి, ఆమె చదివింది, బ్యాంకు పేరుంది, ముద్ర ఉంది, చూసేవాళ్ళకి బిగించినట్టే ఉంది, ఏమండీ, ఖాతా తెరిచి చూశారా అంది, ఎందుకూ, మెసేజ్ వచ్చిందిగా అన్నారు, ఆమె తెరిచి చూసింది, నిన్న ఎంతుందో ఇవాళా అంతే, మెసేజ్‌లో ఇచ్చిన నంబరు వదిలేసి బ్యాంకు కార్డు వెనకాల ఉన్న నంబరుకి చేసింది, బ్యాంకమ్మాయి అంతా విని, మీకేమీ రాలేదమ్మా, అలాంటి మెసేజ్‌లు మేం పంపం, మీరు పంపే డబ్బు కోసమే వాళ్ళ నాటకమంతా, పంపేశారా ఏమిటి అంది, ఆమె ఆయన వైపు చూసింది, లేదు, నీకు ఓసారి చూపించి పంపుదామని ఆగాను అన్నారు, హమ్మయ్య, మూత తిప్పకపోయినా ఈయన అడక్కుండా సీసా మాత్రం ఎత్తరు.

అన్నాలు వడ్డిస్తుంటే కారు అమ్ముతారని ఎవరో చెబితే మొన్న వచ్చిన నర్సు గుర్తొచ్చింది, మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చి, కారు కింద చాప పరుచుకుని పడుకుని చూసింది, టైర్లు అరిగాయంది, క్లచ్చు గట్టిగా ఉందంది, అద్దం మీద వేలు పెట్టి ఇదెవరి ఘనకార్యం అని కూడా అడిగింది, చెప్పిన ధరలో ఐదో వంతు కోసేసింది, ఆవిడకి కావలసింది కారా, మన తప్పుల చిట్టానా అని ఈయన విసుక్కున్నారు, అవునుగా, ఆవిడ చూసిన ప్రతి వంకా రేపటినుంచీ రోజూ ఆవిడే మోయాలి, ఓడ మీది మనిషికి మోసేదేముంది.

కారు నర్సుకే ఇద్దాం అంది ఆమె కూర గిన్నె కింద పెట్టి, రేపు పదింటికి బ్యాంకులోనే, డబ్బు మన ఖాతాలో పడిందని కౌంటర్లో చెప్పాకే తాళాలు, తగ్గిన డబ్బుకి డాక్టర్ని అడిగాను అత్తయ్యా, ఇప్పటికి కిందివి బిగిస్తాడట, పైన తీసిపెట్టుకునే సెట్టు, అత్తగారేమో, కింద స్థిరాస్తి, పైన చరాస్తి, ఈ వయసులో అది చాల్లే అంది, ఆయన నవ్వి, అయినా ఆ నర్సమ్మ అన్ని వంకలు పెట్టిందే అన్నారు, పెట్టదూ మరి, తనదనుకుంటేనే కదా ఎవరైనా వంకలు పెట్టేది అంది ఆమె, అనేశాక చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది, పంతొమ్మిదేళ్ళ మూతలన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి, అన్ని వంకలూ తనదనుకునే పెట్టింది, ఆయన మటుకు పక్కనున్న ఉప్పు సీసా తీసుకుని, కాస్త వేసుకుని, మూత పెట్టి, తిప్పారు.