కోటలోనే ఉన్న నీలాంబ

జోయా రాసిన నవలలో నీలాంబ మాంత్రికుడి కోటలోంచి చక్కగా బయటపడుతుంది. దాన్నే తీసిన టీవీ సీరియల్‌లో మాత్రం ఎండాకాలం పోయి వానలు పడ్డా ఆ పిల్ల ఇంకా చెరలోనే మగ్గుతోంది.

చుట్టుపక్కల వాళ్ల దృష్టిలో ఇదంతా జోయా పనే. మహబూబాబాద్ మార్కెట్‌లో కూరగాయలమ్మే అంజమ్మ తక్కెడ చేతబట్టుకునే నిలదీసింది.

"ఏందవ్వా, గా పిల్లను ఎన్నొద్దులు గోసపెడ్తవ్? జర బయటికి తియ్యరాదు!"

"నా చేతుల లేదు అంజమ్మక్కా."

"రాసింది నువ్వేనాయె. మరెవ్వరి చేతులున్నది?"

పెళ్లికి ముందు జనగామలో, పుట్టింట్లో కూర్చుని జోయా రాసుకున్న నవల అది. ఛానల్ వాళ్లు వచ్చి అడిగితే ఉబ్బితబ్బిబ్బై, వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసింది. ఇప్పుడు నీలాంబ నోట కోస్తా యాస పలుకుతోంది. జోయా వాళ్ల యాస కోట కాపలావాడికి దక్కింది, అదీ జనం నవ్వుకోవడానికి. నవలలో ఊసైనా లేని రాకుమారుడొకడు గుర్రమెక్కి వస్తూనే ఉన్నాడు, ఎంతకీ కోట చేరడు. ఒళ్లు మండి ఫోన్ చేస్తే సీరియల్ రచయిత తాపీగా నవ్వాడు.

"లోపల ఉన్నంతకాలమే చూస్తారండీ. బయటికొచ్చాక ఇంకేముంది, శుభం కార్డే!"

ఆమెకు ఇంట్లో ఉన్న బాధ వేరు. భూపాలపల్లిలో ఆడపిల్లల హాస్టల్ బడిలో తెలుగు టీచర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది. "గంత దూరం ఎందుకు? ఇక్కడ నీకేం తక్కువైంది?" అని భర్త నవాజ్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. జోయా ఎదురు చెప్పలేదు. అత్త ఖైరున్నీసా ఒక్క మాటంటే నవాజ్ కాదనడు, ఆ మాట ఆమే అంటుందని ఆశపడింది. అందుకే అడగకముందే చాయ్ అందిస్తూ, కాళ్లు పడుతూ, అత్త చుట్టూ తిరిగింది. అసలు సంగతి మాత్రం అడగలేదు. రోజులు దగ్గర పడుతున్నకొద్దీ ఆ ఇంట్లో ఆమెకు ఊపిరాడటం లేదు.

ఆదివారం మధ్యాహ్నం సీరియల్ మధ్యలో కరెంటు పోయింది. ఖైరున్నీసా రిమోట్ మంచం మీద విసిరికొట్టింది.

"నీ కితాబు తే బేటీ. గందులోనన్న ఆ పిల్ల బయటపడ్తదా, లేదా?"

ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు రావు. కోడలి పుస్తకం బీరువాలో ఉన్నా అందులో ఏముందో ఇన్నాళ్లూ తెలియదు. జోయా చివరి అధ్యాయం తీసి చదివింది. కోటకు ఏడు తలుపులు. ఒక్కో తలుపు ఒక్కొక్కటి అడుగుతుంది. నీలాంబ నగలిస్తుంది, జుట్టిస్తుంది, పాటలు పాడే గొంతిస్తుంది. ఏడో తలుపు ఆమె మంచిపేరు అడుగుతుంది. అదీ ఇచ్చేసి బయటికి నడుస్తుంది.

"మరి రాకుమారుడు?" అంది ఖైరున్నీసా.

"లేడమ్మీ."

"ఎవ్వరూ రారా?"

"ఎవ్వరూ రారు."

ఖైరున్నీసా పెదవి విరిచింది. "గట్లైతే టీవీలదే మంచిగున్నది. ఎవరన్న వస్తరని చూస్తాంటే పొద్దు పోతది."

ఆ మాట జోయాకు చెళ్లున తగిలింది. తనూ చేస్తున్నది అదే. అత్త వస్తుంది, ఒక మాట అంటుంది, తనను విడిపిస్తుంది అని కూర్చుంది. రాసింది నవల, బతుకుతున్నది సీరియల్. మొదట సిగ్గేసింది, ఆ వెనకే తన మీద తనకే కోపం ముంచుకొచ్చింది.

నవాజ్ మెకానిక్ షెడ్డు నుంచి భోజనానికి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. జోయా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"రేపు పొద్దుగాల భూపాలపల్లి పోతున్న. నౌకరీల చేరుత."

అతను నల్లా కట్టేసి చూశాడు. "అమ్మీని అడిగినవా?"

"అడుగలే."

"నన్నడిగినవా?"

"అడుగుతలేను. చెప్తున్న."

వెనక మంచం మీద ఖైరున్నీసా బుగ్గలు నొక్కుకుంది. "యా అల్లా! ఎంత మంచి పిల్లని అందరికీ చెప్పుకున్న దీన్ని!"

జోయా ఆ మాట విన్నది. ఏడో తలుపు అడిగింది అదే. అయినా బట్టలు సర్దుకోవడానికి లోపలికి నడిచింది.