అనుభవం అనే గడి

“గా బీఏ పిల్లలకు నువ్వేం నేర్పుతవే? కుర్చీల కూసునుడా?” అన్నాడు సిద్దిరాములు, పళ్లెంలో రెండో రొట్టె పడుతుండగా.

మమతారాణి నవ్వింది. పెనం మీది జొన్నరొట్టెకు తడి అద్దుతూ, నవ్వేశాక గానీ తాను నవ్వినట్టు గమనించలేదు. మధ్యాహ్నం ఇంటర్వ్యూల ప్రాక్టీసు ఉంది, రావడం ఆలస్యమవుతుందని చెప్పింది, అంతే. దానికి భర్త ఇచ్చిన జవాబు అది. అందులో కోపం లేదు. కరెంటాఫీసుకు పోయేముందు తింటూ తింటూ అన్న మాట. మరి తనెందుకు నవ్వినట్టు? ఎవరైనా తన పనిని చిన్నది చేయబోతే, వాళ్లకంటే ముందే తాను దాన్ని ఇంకాస్త చిన్నది చేసేస్తుంది. అలా చేస్తే దెబ్బ తగలదని ఎప్పుడో చిన్నప్పుడు శరీరం నేర్చుకున్నట్టుంది. పెళ్లయిన కొత్తలో అత్త చుట్టాలతో “మా కోడలు కాలేజీల చెప్తది” అని గొప్పగానే అన్నది. “ఏదో టైంపాస్‌కు అత్తమ్మా” అన్నది తానే. ఆ ఇంట్లో ఆ మాటే స్థిరపడిపోయింది. ఇప్పుడు దాన్ని వాళ్ల మీదికి నెట్టడానికి కూడా లేదు.

ఆమె ఫోనులో తొమ్మిది రోజులుగా సగం నింపిన దరఖాస్తు ఒకటి ఉంది. యూనివర్సిటీలో ఆర్ట్స్ విద్యార్థులను ఉద్యోగాలకు తయారుచేసే కోఆర్డినేటర్ పోస్టు. ఈరోజు సాయంత్రం ఐదింటితో గడువు అయిపోతుంది. పేరు, చదువు, అడ్రసు నింపింది. ‘అనుభవం, దాన్ని ధ్రువీకరించేవారు’ అన్న గడి దగ్గర ఆగిపోయింది. కరీంనగర్‌లో తాను గెస్టు లెక్చరర్‌గా ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆరేళ్లుగా సరిగ్గా ఆ పనే చేస్తోంది, పైసా తీసుకోకుండా. కానీ ‘కెరీర్ గైడెన్స్ సెల్’ అని రాసిన తలుపు మీద ఉన్న పేరు కామర్స్ లక్ష్మణ్ సార్‌ది. రిపోర్టుల మీద సంతకాలూ ఆయనవే. “మీరు జర చూసుకోరి మేడమ్, మీకు ఓపిక ఎక్కువ” అని మొదటి ఏడు ఆయన అంటే అది మెచ్చుకోలు అనుకుంది.

మధ్యాహ్నం మూడో ఏడు పిల్లలు పదహారు మంది బయోడేటాలు పట్టుకొచ్చారు. అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి. కాలేజీ ఎదుటి జిరాక్సు షాపులో ఉన్నది ఒకే ఫైలు. పేర్లు మార్చి అందరికీ అదే తీసిస్తాడు. ఆడపిల్లల హాబీ కూడా క్రికెట్టే.

“అంబ్రీన్, మీ నాయిన పేరు మల్లయ్యనా?”

“లే మేడమ్, షరీఫ్. షాపాయన మార్చుడు మర్చిపోయిండు.” అంబ్రీన్ కాగితం తీసుకుని చూసుకుంది. “మా అబ్బాకు చూపియ్యలే, నయమైంది. పరేషాన్ అవుతుండె.”

క్లాసంతా నవ్వింది. మమతారాణి ఆ కాగితాలన్నీ పక్కకు పెట్టేసింది.

“తెల్ల కాగితం తీయండ్రి. మీ చేతులతోని చేసిన పనులు రాయండ్రి. గంతే.”

పావుగంట తర్వాత కూడా కావ్య కాగితం తెల్లగానే ఉంది. సిరిసిల్ల నుంచి రోజూ బస్సులో వచ్చే నేత ఇంటి పిల్ల; ఇంట్లో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. ఎక్కువ మాట్లాడదు.

“నేనేం పని చెయ్యలే మేడమ్. ఇంటికాడ ఖాళీగనే ఉంట.”

“ఇయ్యాల లేచినంక ఏం చేసినవ్?”

“సాంచెకు నూలు కండెలు చుట్టిన.”

“ఎప్పటిసంది చుడుతున్నవ్?”

“ఆరో తరగతి సంది.”

“మరి రాయవైతివి.”

“అది బాపు పని మేడమ్. సాంచెలు నడిపేది బాపు. నేను ఉత్తగ ఆసరా.”

“నువ్వు చుట్టకుంటే?”

“సాంచె ఆగుతది.”

“గదే రాయి. మనం చేసిన పనికి ఇంకొకల పేరు చెప్పొద్దు.”

చెప్పాక తన గొంతు తనకే వినిపించింది. గట్టిగా, అనుమానం లేకుండా ఉంది. ఇంట్లో ఈ గొంతు ఎక్కడికి పోతుంది? ఇద్దరు మనుషులు ఒకే బట్టలు కట్టుకుని ఒకరి తర్వాత ఒకరు డ్యూటీ చేస్తున్నట్టు అనిపించింది.

ప్రాక్టీసు మొదలు పెట్టబోతుంటే అంబ్రీన్ లేచింది. “మేడమ్, మూడేండ్ల సంది మీరు బల్లకు గీ దిక్కే కూసుంటున్నరు. ఇయ్యాల గా దిక్కు కూసోరి. మేం అడుగుతం.”

“ఏ నౌకరీకి?”

“యూనివర్సిటీల పడ్డది గదా. గదానికే.”

వీళ్లకు తెలుసన్నమాట. ఆటగానే వెళ్లి కూర్చుంది. కూర్చోగానే కొంగు సర్దుకుంది. అంబ్రీన్, కావ్య, ఇంకో ఇద్దరు బల్ల వెనక చేరి మొహాలు బిగించుకున్నారు.

“ఈ పనిలో మీ అనుభవం చెప్పండి.”

“మా కాలేజీలో కెరీర్ సెల్ ఉంది. లక్ష్మణ్ సార్ కోఆర్డినేటర్. నేను ఆయనకు కొంచెం ఆసరాగా...”

ఎవరూ నవ్వలేదు. కావ్య తలవంచుకునే, చాలా మెల్లగా అడిగింది.

“కండెలు ఎవలు చుట్టిండ్రు మేడమ్?”

మమతారాణికి మొదట సిగ్గేసింది. ఇరవై ఏళ్ల పిల్ల ముందు పట్టుబడిపోయినట్టు. ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఆరేళ్లలో రెండువందల పన్నెండు మంది. బీఏ వాళ్లకు ఏమీ రాదనుకునే చోట, వాళ్లకు ఏమేం వచ్చో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి బయటికి తీయడం. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన కైనాత్ హుజూరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో, వచ్చినవాళ్లతో మాట్లాడే బల్ల దగ్గర కుదురుకుంది. బిడ్డను పనికి పంపనన్న ఇంకో పిల్ల తండ్రిని ఒప్పించడానికి తాను మెట్‌పల్లికి మూడుసార్లు బస్సెక్కింది. ధర్మపురికి వచ్చే యాత్రికులకు ఊరి చరిత్ర చెప్పేలా నలుగురు పిల్లలను తయారుచేసింది. చెబుతూ చెబుతూ గడియారం చూస్తే పన్నెండు నిమిషాలు గడిచాయి. నిండు బస్సులో నిలబడ్డవాళ్ల చేతిలోంచి బరువు సంచిని సీట్లో కూర్చున్నవాళ్లు అడక్కుండానే అందుకుని ఒళ్లో పెట్టుకుంటారు. అలా ఉంది ఆమెకు. చేతికి ఇంకా గీత మిగిలే ఉంది, బరువు మాత్రం లేదు.

“సెలెక్టెడ్,” అన్నది అంబ్రీన్.

మూడున్నరకు లక్ష్మణ్ సార్ దగ్గరికి వెళ్లి, ఆరేళ్ల పని రాసిన కాగితం ఇచ్చి, ధ్రువీకరించమని అడిగింది.

“ఏంది మేడమ్ గిది. సెల్లు నేను చూస్తున్న గదా.”

“మీరు సంతకం చేస్తున్నరు సార్. పని నేను చేస్తున్న.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీకేం ఫికర్ లేనట్టున్నది. జూన్ల మీ గెస్టు పోస్టు రెన్యూవల్ ఉన్నది, యాదికుంచుకోరి. గీ కాగితమేం చెయ్యాలె నేను?”

“నాకియ్యండి సార్.”

కాగితం తీసుకుని బయటికి వచ్చింది. ఆరేళ్లు ఈ రెన్యూవల్ అన్న మాటకు భయపడే కదా ఆ గదిని ఊడ్చి, తుడిచి, ఆయన పేరున నడిపింది. ఆ మాట ఆయన అనేశాడు. ఇక అనడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. వరండాలో నిలబడే కైనాత్‌కు ఫోన్ చేసింది.

“నా పని గురించి చెప్పేటోళ్ల కాడ నీ పేరు రాసుకోనా బిడ్డా?”

“గిదేం అడుగుడు మేడమ్. జర పెద్దక్షరాలల్ల రాయండ్రి.”

ఖాళీ తరగతి గదిలో కూర్చుని గడి నింపింది. ‘నేను’ అని మొదలుపెట్టి, అక్కడ పట్టే అన్ని మాటలూ రాసింది. నాలుగూ నలభైకి పంపించింది. చేరిందని మెసేజ్ వచ్చింది. ఉద్యోగం రావచ్చు, రాకపోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది గానీ దాని వెంట రోజూ వచ్చే భయం రాలేదు.

ఐదు కావస్తుండగా, పెందలాడే ఇంటికి చేరిన సిద్దిరాములు తల్లి అడిగితే ఫోన్ చేశాడు.

“ఇంక రాలేదేందే? అవ్వ చాయ్ కోసం చూస్తున్నది.”

“దరఖాస్తు పెడుతుంటి. ఇప్పుడే అయింది.”

“నీకు గిదే పని. ఇయ్యాల ఎవల పిల్లకు?”

“నాకు.”

అవతల మాట లేదు. ఆ ఖాళీని నింపడానికి ఆమె నవ్వలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడింది, అతనికి కావలసినంత సేపు. పొద్దుటి నుంచి తానేమీ తినలేదని, బాగా ఆకలిగా ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది.