విప్పిన ముడి

"ఆ పిల్ల ఇంకా ఇల్లు చేరలేదు. ఏదో అయింది. నా గుండెకి తెలుస్తోంది," అంది సల్కిన్, కుట్టు మిషను మీద నుంచి కాలు తీయకుండానే.

పక్క మిషను మీదున్న బాక్తిగుల్ నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వింది. "బడి వదిలి పది నిమిషాలు కాలేదు. దానికేమైనా రెక్కలున్నాయా? మొన్న బస్సు కింద పడిందన్నావు, నిన్న కుక్క కరిచిందన్నావు. ఇవాళ ఏంటి, తోడేలా?"

"నవ్వు, నవ్వు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు."

"కీడు రోజూ ఎంచుతున్నావులే. మేలెప్పుడు ఎంచుతావే తల్లీ?"

షెడ్డులో అందరూ గొల్లుమన్నారు. సల్కిన్ నవ్వలేదు.

బిష్కెక్ ఊరి చివర, బొగ్గు పొగ కమ్ముకున్న కొత్త పేటలో ఉంది ఆ షెడ్డు. పధ్నాలుగు మంది ఆడవాళ్ళు పొద్దస్తమానం గౌన్లు కుడతారక్కడ. సల్కిన్ ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి. లోకం సంగతులు ఆమెకు తెలిసేవన్నీ ఫోనులో పేటవాళ్ళ గ్రూపు లోంచే. తెల్ల కారు తిరుగుతోందనీ, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనీ అందులో రోజూ ఎవరో ఒకరు పెడతారు. కారు ఎప్పుడూ తెల్లదే. ఎవరి పిల్ల పోయిందో మాత్రం మర్నాడు ఎవరూ పెట్టరు. అయినా సల్కిన్ ప్రతిదీ నమ్మేది.

అందుకే పదకొండేళ్ళ కూతురు ఐజిరెక్ చేతికి పిల్లల వాచీ కట్టింది. పిల్ల ఎక్కడుందో తల్లి ఫోనులో చుక్కలా కనబడుతుంది. ఇంకో మీట నొక్కితే పిల్ల చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో వినబడుతుంది. పిల్లకి తెలియదు. మొదట్లో రోజుకొక్కసారి నొక్కేది సల్కిన్. తర్వాత్తర్వాత దారం మార్చినప్పుడల్లా నొక్కేది. కూతురు ఎలా నవ్వుతుందో, నెమ్మదిగా ఏ పాట పాడుకుంటుందో, ఏ పంతులమ్మ కసురుతుందో అన్నీ తెలిసిపోయాయి. విన్నది కడుపులో దాచుకోగలిగితే బాగుండేది. ఒకరోజు టీ పోస్తూ, "మా అమ్మకి పిచ్చి అని చెప్పావటగా నీ స్నేహితురాలితో?" అనేసింది.

ఐజిరెక్ కప్పు కింద పెట్టింది. తల్లి ముఖంలోకి చూసింది, తర్వాత వాచీ వంక చూసింది. ఆ మర్నాటి నుంచి వాచీ మీద ఉన్ని కండువా చుట్టుకుని తిరిగేది. సల్కిన్ మీట నొక్కితే బట్ట రాపిడి తప్ప ఇంకేం వినబడేది కాదు.

ఇంట్లో అత్తగారు కలీచా మాటలు ఇంకో తీరు. ఐజిరెక్ తమ్ముడు, చంటివాడు తిలెక్ కొత్తగా అడుగులు వేస్తున్నాడు. ఆదివారం వాడి కాళ్ళ తాడు కోసే వేడుక. నలుపూ తెలుపూ ఉన్ని కలిపి పేనిన తాడు పిల్లాడి చీలమండలకు కడతారు. దూరం నుంచి పిల్లలు పరుగెత్తి వస్తారు. ముందు చేరినవాళ్ళు కత్తితో ఆ తాడు కోస్తారు. ఇక వాడి నడకకి అడ్డు ఉండదని నమ్మకం.

"ఈసారైనా కత్తి చూసి బెదిరిపోకమ్మాయ్," అంది కలీచా, మూకుడు నూనెలో బోర్సోకుల పిండి ముక్కలు తిప్పుతూ.

"ఇంకా ఆ మాటేనా అత్తయ్యా? పదేళ్ళయింది."

"పదేళ్ళయినా కోయని తాడు కోయందే."

ఐజిరెక్ వేడుకప్పుడు జరిగిందది. పిల్లలు పరుగెత్తుకొస్తున్నారు, మొదటివాడి చేతిలో కత్తి మెరిసింది. ఆ కత్తి జారి పసిదాని కాలు తెగినట్టు సల్కిన్‌కి కళ్ళ ముందు కనబడిపోయింది. వాడు చేరేలోగా తానే వంగి ముడి విప్పేసింది. వచ్చినవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. అప్పటి నుంచి పిల్ల బడిలో పరుగుపందేనికి వెళ్తానన్నా, చెరువు మంచు మీద జారుతానన్నా సల్కిన్ వద్దనేది. అలా వద్దన్న ప్రతిసారీ అత్తగారు ఆ ముడినే తవ్వేది. "కాళ్ళకున్నది కోయలేదు, ఇప్పుడు చేతికి ఇంకోటి కట్టావు," అంటూ వాచీ వైపు గడ్డం ఎగరేసేది.

షెడ్డులో నవ్వులు సద్దుమణిగాక సల్కిన్ ఫోను తీసింది. చుక్క బడి దగ్గరే ఉంది, వెనక కంటైనర్ల వైపు. మూడు రోజులుగా పిల్ల ఆలస్యంగా వస్తోంది. అడిగితే అదనపు క్లాసులు అంటోంది. సల్కిన్ మీట నొక్కింది. ఇవాళ బట్ట రాపిడి లేదు. మగ గొంతు వినబడింది, ముసలి గొంతు.

"తలుపు వేసెయ్ తల్లీ. మీ అమ్మకి చెప్పలేదుగా?"

"లేదు తాతా."

"ఆదివారం దాకా చెప్పకు. ఇలా నా పక్కన కూచో. చెయ్యి ఇలా ఇవ్వు."

సూది కింద గౌను అలాగే ఉంది, మిషను మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది, సల్కిన్ మాత్రం వీధిలో ఉంది. పరుగెడుతూనే గొంతు రికార్డు చేసి గ్రూపులో పంపింది. "బడి వెనక కంటైనర్ల దగ్గర నా పిల్లని ఎవడో లోపల పెట్టాడు, రండి, ఎవరైనా రండి!"

బడి వెనక సరుకులు మోసే పాత ఇనప కంటైనర్ల వరుస, చేతిపనివాళ్ళ కొట్లవి. అన్నిటికీ తాళాలున్నాయి. ఒక్కదాని పైకప్పు గొట్టంలోంచి మాత్రం పొగ వస్తోంది. తలుపు లాగితే వచ్చేసింది. లోపల ఎవరున్నారో, ఏముందో ఆమె చూడలేదు. ఐజిరెక్ జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చింది. వెనకాలే ముసలాయన లేచి, "అమ్మా, ఆగమ్మా," అంటూ గడప దాకా వచ్చాడు. వాడు పారిపోతాడు, పేటవాళ్ళొచ్చేలోగా పారిపోతాడు అనుకుంది. రెండు చేతులతో ఇనప తలుపు విసిరి మూసింది.

తలుపు పూర్తిగా పడలేదు. మధ్యలో ఆయన వేళ్ళున్నాయి.

ఆ కేక విన్నాక గానీ ఐజిరెక్ నోరు పెగల్లేదు. "తమ్ముడి తాడు అమ్మా! తమ్ముడి తాడు పేనడం నేర్పిస్తున్నాడు! నీకు చెప్పకుండా తెద్దామని!"

తలుపు తీశారు ఎవరో. నేల మీద నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని. సగం పేనిన తాడు మేకుకి వేలాడుతోంది. తుర్దుబాయ్ తాతని ఆ పేటలో ఎరగనివాళ్ళు లేరు. గుర్రాల పగ్గాలు, గుడారాల తాళ్ళు పేనే మనిషి. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని గోడకి చేరగిలి కూచున్నాడు. గ్రూపులో మాట విని కర్రలతో వచ్చిన మగవాళ్ళు కర్రలు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డారు.

రెండు వేళ్ళు ఇక వంగవన్నారు ఆసుపత్రిలో. పోలీసుల దగ్గరికి వెళ్దామని కొడుకులు లేస్తే, "తల్లి కదరా, భయపడింది, వదిలెయ్యండి," అన్నాడట తాత. ఆ మాట బాక్తిగుల్ మోసుకొచ్చి చెప్పింది. తిట్టి ఉంటే సల్కిన్ ఎలాగో మోసేది. ఈ మాట మోయలేకపోయింది. క్షమించమని అడగాలని రోజూ ఆయన వీధి మొగ దాకా వెళ్ళి వెనక్కి తిరిగి వచ్చేది. ఆయన కూతురు ముఖం మీదే తలుపు వేస్తే? చెయ్యి కుళ్ళిపోయిందంటే? ఆయన మంచం మీదుంటే? అక్కడ కూడా కీడే ఎంచుకుంది.

ఐజిరెక్ వాచీ తీసి బల్ల మీద పెట్టింది. తల్లితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తింటుంది, లేపితే లేస్తుంది. "ఏం కావాలే?" అంటే గోడకి చెప్పినట్టే.

ఆదివారం వచ్చింది. సగం మిగిలిన తాడుని కలీచా తన వంకర వేళ్ళతో పూర్తి చేసింది. ఐజిరెక్ పేనిన సగం నునుపుగా, బిగువుగా ఉంది. రెండో సగం వదులు.

పిల్లలందరూ వీధి చివర వరసకట్టారు. ఐజిరెక్ రాలేదు. ఇంటి వెనక బొగ్గు కుప్ప పక్కన, తిరగేసిన బకెట్ మీద కూచుంది. పక్కింటి పిల్ల గెలిచింది. కత్తి తిలెక్ కాళ్ళ మధ్యకి వచ్చినప్పుడు సల్కిన్ వేళ్ళు వాటంతటవే ముడి మీదికి వెళ్ళాయి. కలీచా వాటి వైపు చూసింది. సల్కిన్ చేతులు వెనక్కి లాక్కుని కళ్ళు మూసుకుంది. తాడు తెగింది. అందరూ అరిచారు. తిలెక్ రెండడుగులు వేసి పడ్డాడు, తనే లేచాడు.

జనం బోర్సోకుల చుట్టూ మూగినప్పుడు సల్కిన్ తెగిన తాడు ముక్కలు పిడికిట్లో పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళింది. పిల్ల పక్కన మట్టిలో కూచుంది.

"నీ తాడు నేను కోయనివ్వలేదు," అంది. "విప్పేశాను. కత్తి చూస్తే భయమేసింది. ఏది చూసినా నాకు భయమేనే."

పిల్ల గోళ్ళతో బకెట్ అంచు గీకుతోంది.

"ఇక ఆ వాచీ కట్టుకోవద్దు. ఎక్కడికెళ్ళావని అడగను. అడక్కుండా ఉండటానికి చూస్తాను. నువ్వు మాట్లాడితే చాలు. ఏం చెయ్యమంటావో చెప్పు."

గోడ అవతల ఎవరో పాటెత్తుకున్నారు, పాట అయిపోయింది. బొగ్గు ధూళి గాలికి లేచి మళ్ళీ కుప్ప మీదే పడింది. తిలెక్ ఏడుపు, వాడిని ఊరుకోబెడుతున్న కలీచా గొంతు. ఎండ గోడ మీద నుంచి జారిపోయింది. సల్కిన్‌కి నడుము పట్టేసింది, అయినా లేవలేదు. పిల్ల ఎన్నటికీ మాట్లాడదు అనుకుంది. తను ఇన్నాళ్ళూ తెల్ల కారులో వెతికిన కీడు ఇదేనేమో అనుకుంది.

ఐజిరెక్ తల్లి పిడికిలి విప్పి తాడు ముక్కల్లో తను పేనిన ముక్క ఏరి తీసుకుంది. ముఖం ఎత్తకుండానే అంది.

"వెళ్ళి తాత తలుపు కొట్టు. నువ్వేం చెప్తావో నేను విననులే."