బసమ్మ నేర్పిన మాట

చెప్కొరిర్ అన్న పేరు తమిళనాడులో, ధర్మపురి జిల్లా పాపారపట్టి పక్కనున్న ఆ పల్లెలో ఎవరి నోటా సరిగ్గా తిరగలేదు. మేడమీది గది ఆమెకు అద్దెకిచ్చిన బసమ్మ తొలిరోజే దాన్ని 'చెప్పమ్మ'గా మార్చేసింది. కెన్యాలో ఏళ్ల తరబడి గులాబీ తోటల్లో పనిచేసిన మనిషి చెప్కొరిర్. ఇక్కడ ఒక కంపెనీ కొత్తగా వేసిన గ్రీన్‌హౌసుల్లో పూల పెంపకం చూసుకోవడానికి వచ్చింది. కింది ఇంట్లో బసమ్మ, ఆమె భర్త గురప్ప, పెరట్లో ఆవులు.

రోజూ పొద్దున్నే చెప్కొరిర్ పరుగుకు పోయేది. టమాటా తోటల నడుమ మట్టిదారి ఆమెకు ఎంతో నచ్చింది. ఆమెను ఎవరో తరుముతున్నారనుకుని మొదట్లో ఒకాయన మోపెడ్ ఆపి మరీ వెనక్కి చూశాడు. బసమ్మకు మాత్రం ఒక్క జవాబు సరిపోయింది.

"ఏంటికి పరిగెత్తేది?"

"మా ఊర్లో అందరూ పరిగెత్తుతారు."

"అట్లనా," అని ఊరుకుంది బసమ్మ. ఊరి అలవాటును ఎవరు తప్పుపడతారు?

ఈ నాలుగు మాటలు కలపడానికి చెప్కొరిర్‌కు నెలలే పట్టాయి. వచ్చిన కొత్తలో ఆమె పొడిపొడి ఇంగ్లీషులో, సైగలతో, "మీ భాష నేర్పండి" అని బసమ్మను అడిగింది. పాలు పితికే వేళ పాఠం మొదలయ్యేది. పాలు, గడ్డి, దూడ, నీళ్లు. ఆ తర్వాత రా, పో, కూర్చో, తిను. గ్రీన్‌హౌసులో పూలు కోసే ఆడవాళ్లు ఆ పల్లెవాళ్లే కావడంతో తప్పులు దిద్దేవాళ్లకు కొదవ లేదు. కూరగాయల కొట్టాయన కూడా ఆమె మాటకు ఆమె మాటలోనే బదులిచ్చేవాడు. బస్టాండులో ఎవరికైనా అర్థం కాకపోతే అది తన నాలుక దోషమే అనుకునేది. "నేను తమిళం మాట్లాడేస్తున్నాను తెలుసా" అని ఫోనులో చెల్లెలికి గొప్పగా చెప్పుకుంది.

అక్కడివాళ్లు ఆడిమాసమనే ఆషాఢంలో ఒక పొద్దున, రాత్రి కురిసిన వానకు దారంతా బురదైతే ఆమె గట్టెక్కి పరిగెత్తింది. గడ్డి కింద ఎలుక బొక్క ఉందని తెలియదు. పాదం అందులో ఇరుక్కుంది, ఒళ్లు ముందుకు పడిపోయింది. లోపల ఏదో పుటుక్కుమన్నది ఆమెకు స్పష్టంగా వినిపించింది. తోటకు నీళ్లు కడుతున్న గురప్ప పార పడేసి పరిగెత్తుకొచ్చాడు. ఆమెను వీపున మోసుకుని ఇంటికి తెచ్చి అరుగు మీద దించాడు.

చీలమండ అప్పటికే బూరెలా పొంగింది.

"పక్కూర్లో కట్టు కట్టేవాడుండాడు. పిలుచుకొని వస్తా," అన్నాడు గురప్ప.

"నీ భుజానికీ వాడే కట్టినాడు గదా. ఈ పొద్దుకీ చెయ్యి పైకి లేస్తా ఉండాదా?" అంది బసమ్మ. "పెద్దాసుపత్రికే పోదాం."

ఇంతలో సంగతి తెలిసి కంపెనీ మేనేజరు మణికండన్ ఫోను చేశాడు. కారు పంపిస్తామని, బెంగళూరులో పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పిస్తామని అన్నాడు. ఆ మాటే చెప్పి చెప్కొరిర్ బసమ్మ ముఖంలోకి చూసింది.

"అంతదూరం ఈ కాలుతో యాడికి పోతావు? నా బిడ్డ కాన్పు ధర్మపురి పెద్దాసుపత్రిలోనే అయింది. నేనూ కూడా వస్తాను, పద."

నూటఎనిమిది అంబులెన్సు వచ్చింది. బసమ్మ ఆవులను గురప్పకు అప్పగించి, ఒక చీర, చెంబు, దుప్పటి సంచిలో కుక్కుకుని ముందే ఎక్కి కూర్చుంది.

ఆసుపత్రిలో చూసింది ముఖేశ్ అనే కుర్ర డాక్టరు. నొప్పి పళ్ల బిగువున ఆపుకుంటూనే చెప్కొరిర్ తనకొచ్చిన భాషంతా కూడదీసుకుంది. "గట్టు మింద పరిగెత్తుతా ఉంటిని సార్. కాలు బొక్కలో పడింది. శానా నొప్పిగా ఉండాది."

డాక్టరు ఇబ్బందిగా నవ్వి ఇంగ్లీషులో అన్నాడు: "ఏమీ అనుకోకండి, నాకు అర్థం కాలేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. ఇన్ని నెలల శ్రమా ఇంతేనా అనుకుంది. అప్పుడు పక్క మంచం దగ్గరున్న నర్సు గిరుక్కున తిరిగి దగ్గరికొచ్చింది. "చెప్పమ్మా, యాడ నొప్పి?"

చెప్కొరిర్ ఆశ్చర్యపోయింది. "నా పేరు నీకెట్ల తెలుసు?"

నర్సుకు ముందు అర్థం కాలేదు. బసమ్మ సంగతి విప్పి చెప్పాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె పేరు శివరంజని, ఆ జిల్లాలోనే ఏ. పళ్లిపట్టి అనే ఊరి పిల్ల. "అక్కా, నువ్వు మాట్లాడేది తమిళం కాదు, తెలుగు. మా ఇంట్లోనూ ఇదే మాట. సారుది మధురై, ఆయనకు తెలీదు."

చెప్కొరిర్ బసమ్మ వైపు తిరిగింది. "నాకు తమిళం నేర్పలేదా?"

"నువ్వు మీ భాష నేర్పమన్నావు. మా భాష నేర్పినాను," అంది బసమ్మ తాపీగా. "తమిళం కావాలని ఎప్పుడన్నా అడిగినావా?"

కాలు అంత నొప్పి పెడుతున్నా చెప్కొరిర్‌కు నవ్వాగలేదు. తర్వాత ఆలోచిస్తే అబ్బురమనిపించింది. ఈవిడకు తెలుగు అక్షరాలు రావు. సంతలో, బస్సులో, ఆసుపత్రిలో అంతా తమిళమే. అయినా తాతముత్తాతల మాటను ఇంటి గడప లోపల చెక్కుచెదరకుండా కాపాడుకుంది. కాపాడుకోవడమే కాదు, ఎక్కడినుంచో వచ్చిన తనకూ పంచిపెట్టింది.

ఎక్స్‌రేలో ఎముక విరిగిందని తేలింది. ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలన్నారు. వార్డులో చేర్చుకునేటప్పుడు అడిగారు, పేషెంటు తోడు ఎవరని. ఎవరూ లేరని చెప్పడానికి చెప్కొరిర్ నోరు తెరిచింది. ఆమె ఎరిగిన ఆసుపత్రుల్లో చుట్టాలు సాయంత్రం ఒక గంట వచ్చి చూసి వెళ్లిపోతారు.

"నేనుండాను," అంది బసమ్మ.

"మీకేమవుతుంది?"

"మా ఇంట్లో పిల్ల."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, వివరాలు రాసుకునే మనిషి తలెత్తి నల్లటి చెప్కొరిర్‌నూ, చామనచాయ బసమ్మనూ మార్చి మార్చి చూసి కూడా ఇంకేమీ అడగలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి మంచం పక్కన నేలమీద దుప్పటి పరుచుకుని బసమ్మ కూర్చుని ఉంది. వార్డు మొత్తం ఒక పెద్ద ఇల్లులా ఉందని ఆమెకు తోచింది. ఎవరికి వచ్చిన అన్నం వాళ్లే తినే పద్ధతి అక్కడ లేదు. తుంటి విరిగిన పెరుమాయి అనే ముసలావిడకు కూతురు రాగిముద్ద తెస్తే అందులో సగం చెప్కొరిర్ కంచంలోకి వచ్చేది. ఆమె దాన్ని వేళ్లతో తుంచి, గుంట చేసి, కూరలో ముంచి తినడం చూసి పెరుమాయి బసమ్మతో, "ఈ పిల్లకు ఎవరూ నేర్పే పనిలేదు," అంది తమిళంలో. బసమ్మ దాన్ని తెలుగులో చెప్పింది. తమ ఊర్లోనూ రాగిపిండితో ఇట్లాగే చేస్తారని చెప్కొరిర్ చెబితే, బసమ్మ దాన్ని మళ్లీ తమిళంలోకి దాటించింది.

కెన్యా అనగానే వార్డంతా ఆమెను పెద్ద పరుగు పోటీలు గెలిచిన మనిషనుకుంది. చెప్కొరిర్ ఉన్నమాటే చెప్పింది. "మా ఊర్లో నేనే అందరికన్నా వెనక. బళ్లో పందెం పెడితే ఎప్పుడూ ఆఖరే."

బసమ్మ ఆ మాట తమిళంలోకి దాటించగానే పెరుమాయి అంది: "ఆఖరున వచ్చినా, నడిమధ్యలో నిలిచిపోలేదు గదా."

ఆ మాట చెప్కొరిర్ మనసులో నాటుకుంది. చిన్నప్పటినుంచీ ఆమెతో ఎవరూ అలా అనలేదు.

ఇంటికి వచ్చేసరికి మేడమీది ఆమె సామానంతా కింది గదికి దిగి ఉంది. కాలు బాగయ్యేదాకా మెట్లెక్కే పనిలేదని, తామే పైకి పోతున్నామని గురప్ప చెప్పాడు. ఆమె ఎంత వద్దన్నా వినలేదు. కర్రల సాయంతో నడిచే రోజుల్లో పూలు కోసే ఆడవాళ్లు పని ముగించుకుని వరసగా వచ్చి, కోసిన గులాబీల సంగతి ఒప్పజెప్పి పోయేవాళ్లు. కాలు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా డాక్టరు ముఖేశ్ ఆమె దగ్గర రెండు మూడు తెలుగు మాటలు నేర్చుకునేవాడు. ఊళ్లనుంచి వచ్చే ముసలివాళ్లు నొప్పి వస్తే తమిళం మరచిపోతున్నారట. "బసమ్మగారి దగ్గరే నేర్చుకోరాదా?" అని చెప్కొరిర్ అంటే, "ఆవిడ నేను తప్పు పలికితే నవ్వుతుంది, మీరు నవ్వరు," అన్నాడు.

ఇక పరిగెత్తవచ్చని డాక్టరు చెప్పిన మర్నాడు చెప్కొరిర్ బూట్లు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. బసమ్మ కొంగు దోపుకుని అప్పటికే నిలబడి ఉంది.

"నువ్వెందుకక్కా?"

"ఒక్కదాన్నే విడిచేదానికి నాకు మనసు రాలా. నువ్వు పరిగెత్తు, నేను నడిచొస్తా."

చెప్కొరిర్ మెల్లగా అడుగులు మొదలుపెట్టింది. కాలు భయపడుతూనే నేల తాకింది, మళ్లీ తాకింది, తర్వాత ఆ భయం కొంచెం కొంచెంగా వదిలింది. వెనక ఎక్కడో ఉంటుందనుకున్న బసమ్మ పక్కనే ఉంది. ఇంకాస్సేపటికి ముందుంది. చెరుకుతోట మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, తొందరేం లేదన్నట్టు నడుముమీద చెయ్యి వేసుకుని నిలబడింది. చెప్కొరిర్ రొప్పుతూ, నవ్వుతూ, ఆమెను అందుకోవడానికి పరిగెత్తింది.