నర్సరీ నుంచి వచ్చిన గాడిద మిరియం

తోటలో డ్రిప్పుని ఫోనుకి కలిపినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. తెల్లారి ఐదింటికే "మీ తోటకు దాహంగా ఉంది" అని మోగుతుంది. నా దాహం గురించి ఇంట్లో ఎవరూ ఇంత శ్రద్ధగా అడగరు.

మొన్న మార్చిలో మా అత్తగారు ఒనోరిన్, కొండ మీది ఇల్లు అమ్మేసి, మూడో అంతస్తు ఫ్లాటుకి మారుతూ, ఒక్క మొక్కని నాకు అప్పగించింది. సారియెట్. ఫ్రాన్సు దక్షిణాన మా ప్రొవాన్స్‌లో గాడిద మిరియం అంటాం. సూదుల్లాంటి ఆకులు, మిరియాల ఘాటు. అది పడని చిక్కుడు గింజల కూర మా ఇళ్లలో ఎవరూ ముట్టరు. వాళ్ల పెళ్లయిన ఏడు, ఇప్పుడు లేని మా మామగారు ఫోర్తునే కొండరాళ్ల సందులోంచి పెకలించి తెచ్చాడట.

"దీన్ని ముద్దు చెయ్యకు అల్లుడూ," అంది. "రాళ్లూ, ఎండా. అంతే."

నేను ఇరవై ఆరేళ్లు బీమా కంపెనీలో పనిచేసినవాణ్ణి. దేన్నీ దాని మానాన వదిలేయడం చేతకాదు. రాళ్లేరేసి, ఖరీదైన ఎరువు పోసి, డ్రిప్పు గొట్టం మొదట్లోకి లాగాను. వేసవంతా ఏపుగా పెరిగింది. వాసన మాత్రం ఎండుగడ్డి. అక్టోబరులో ఓ ఉదయం పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. వేళ్లు కుళ్లి నల్లబడ్డాయి.

మా ఆవిడ మగాలీ చూసింది. "మా నాన్నని రెండోసారి చంపావు," అంది. "అమ్మ ఆదివారం వస్తోంది. ఏదో ఒకటి ఏడు."

ఏడ్చాను. నర్సరీలో అదే ఎత్తు మొక్క కొని, చీటీ పీకేసి, చుట్టూ మళ్లీ రాళ్లు పేర్చాను.

ఆదివారం అత్తగారు వంగి, ఓ రెమ్మ నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎంతసేపటికీ తియ్యదు.

"అచ్చం ఆయన చేతి వాసన," అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "నిన్ను వట్టి చవట అనుకున్నానయ్యా. తప్పయిపోయింది."

మగాలీ వంటింట్లోకి పారిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. భోజనాల దగ్గర అత్తగారు చెంచా కింద పెట్టింది.

"నవంబరు ఒకటిన, పోయినవాళ్ల పండక్కి, ఊరంతా సమాధుల మీద చామంతులు పెడుతుంది. ఫోర్తునేకి చామంతులంటే తుమ్ములు. ఈ మొక్క తవ్వి ఆయన దగ్గర నాటుదాం. రేపు నన్నూ అక్కడే పెడతారుగా, దాని వేళ్లు నాకూ అందుతాయి. నువ్వే నాటాలి అల్లుడూ. నీ చెయ్యి మంచిది."

ఇంకా పన్నెండు రోజులుంది. చెబితే, ఎనభై నాలుగేళ్ల మనిషికి మొగుడి చేతి వాసన లేకుండా పోతుంది. చెప్పకపోతే, ఆయన గుండెల మీద నర్సరీ మొక్క నాటి, ఏటేటా ఆవిడ పక్కన టోపీ తీసి నిలబడాలి. మగాలీని అడిగితే, "నాటింది నువ్వు, నువ్వే చూసుకో," అంటోంది. మీకు పుణ్యముంటుంది, మీలో ఎవరైనా అత్తగారికి ఇలాంటి నిజం చెప్పినవాళ్లున్నారా? ఏ మాటతో మొదలుపెట్టారో కాస్త రాయండి.